వదిన వెనక్కి తీసుకున్న పేరు

నేను కాపురానికి వచ్చిన మర్నాడు పొద్దున పాలు కాచడానికి తిరువళ్ళూరు ఇంటి వంటగదిలోకి వెళితే, కిటికీ పక్క అలమరలో తొమ్మిది గాజు సీసాలు వరసగా కనిపించాయి. అడుగున నాలుగు వేళ్ళ మందాన నల్లటి బురద, పైన తేరిన నీళ్ళు. ఈ ఇంట్లో నాకు తెలియని ఊరగాయ ఏదో పెడతారు కాబోలనుకుని ఒకదాని మూత తీశాను. ముక్కు మూసుకోవలసిన వాసన వచ్చింది. అంతలోనే బురదలో ఉన్న చిన్న బెజ్జంలోంచి ఎర్రటి తల ఒకటి బయటికి వచ్చి, అటూ ఇటూ కదిలి, మళ్ళీ లోపలికి పోయింది.

మూత బిగించి వెనక్కి తిరిగాను. తలుపు దగ్గర మా ఆయన అక్క నిలబడి జడ అల్లుకుంటోంది.

"అంత గట్టిగా మూయొద్దు మే. వాటికీ గాలి కావల్ల గదా" అంది.

"ఏంటివి వదినా ఇవి?"

"పురుగులు."

"వంటింట్లోనా?"

"ముందు గదిలో ఎండ పడతాది. ఈడైతే చల్లగా ఉంటాది. నీకు అడ్డమైతే చెప్పు, నా మంచం కిందికి మార్చుకుంటా."

కొత్త కోడలిని. అడ్డమని ఎలా చెబుతాను? పప్పు డబ్బాలు పై అరలోకి ఎక్కించి, సీసాలను ఉన్నచోటే ఉండనిచ్చాను.

అప్పటికి వదినకు ముప్పై నాలుగేళ్ళు. నాకు పంతొమ్మిది. మద్రాసులో సముద్రజీవుల మీద పరిశోధన చేసే ఒక ప్రభుత్వ సంస్థలో ఆమె ఉద్యోగం. ఆ విభాగంలో చేరిన మొదటి ఆడమనిషి ఆమే. మా ఆయనకు తిరువళ్ళూరు కరెంటాఫీసులో పని కాబట్టి అక్కాతమ్ముళ్ళు, వాళ్ళమ్మ కలిసి స్టేషను దగ్గర అద్దెకుండేవాళ్ళు. వదిన రోజూ ఎలక్ట్రిక్ రైల్లో మద్రాసు వెళ్ళి వచ్చేది. ఆమె చదువంతా సముద్రపు బురదలోనూ, ఉప్పుకయ్యల బురదలోనూ బతికే పురుగుల గురించి. పొలంలో కనిపించే వానపాములకు ఇవి దూరపు చుట్టాలని నాకు ఆమే చెప్పింది. వానపాముకు కాళ్ళుండవు. వీటికి ఒంటి మీద ప్రతి మడతకూ రెండు పక్కలా చిన్న చిన్న కాళ్ళుంటాయి. చేపలు, రొయ్యలు, పక్షులు వీటిని తిని బతుకుతాయి. "ఇవి లేకుంటే పులికాట్ సరస్సు లేదు, సరస్సు లేకుంటే నీ రొయ్యల పులుసు లేదు" అనేది.

ఆమె పుట్టింది పొదటూరుపేట పక్కన పల్లెలో. వేరుశనగ, చెరకు పండించే ఇల్లు. ఆ ఇంట్లో అప్పటివరకు సముద్రం చూసినవాళ్ళు లేరు. వదిన కూడా పదిహేడో ఏట కాలేజీవాళ్ళు తీసుకుపోతే చూసింది. తోటి పిల్లలంతా అలల్లోకి పరుగెత్తారట. ఈమె మాత్రం తడి ఇసుకలో ఒక బెజ్జం దగ్గర కూర్చుండిపోయింది. అల వచ్చి వెళ్ళిన ప్రతిసారీ ఆ బెజ్జంలోంచి రెండు బుడగలు వచ్చేవి. లోపల ఎవరున్నారో చూడాలని వేలు పెట్టి తవ్వింది. తవ్వినకొద్దీ లోపలున్నది ఇంకా కిందికి పోయింది. బస్సు బయల్దేరుతోందని మాస్టారు వచ్చి రెక్క పట్టుకుని లేపేదాకా తవ్వుతూనే ఉందట.

"దొరికిందా?" అని అడిగాను ఒకసారి.

"యాడ దొరికె. ఇప్పుడైతే నాకు తెలుసు, అది మూరెడు లోతులో ఉంటాది. ఆపొద్దు తెల్దు."

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆ సంస్థవాళ్ళు పడవలో సముద్రం లోపలికి వెళ్ళి అడుగు మట్టి తీసుకువచ్చేవాళ్ళు. ఆడవాళ్ళను ఎక్కించుకునేవాళ్ళు కాదు. పడవలో ఆడవాళ్ళకు వేరే గది లేదన్నది వాళ్ళ జవాబు. వదిన మూడుసార్లు అర్జీ పెట్టుకుంది. మూడుసార్లూ అదే జవాబు వచ్చింది. తనకు కావలసిన మట్టిని మగవాళ్ళు తెచ్చి ఇచ్చేవాళ్ళు. అందులో సగం పురుగులు తెగిపోయి ఉండేవి. ఏది ఎక్కడ తీశారో సరిగా రాసేవాళ్ళు కాదు. ఒక ఏడాది అలా చేసి విసిగిపోయి ఆమె పులికాట్ సరస్సును ఎంచుకుంది.

"పడవలో చోటు లేకుంటే పోయె. సరస్సులో మోకాటిలోతు నీళ్ళు. నడిచి పొయ్యేదానికి ఎవురి పర్మిషనూ అక్కర్లే" అనేది నవ్వుతూ.

నడవడమూ అంత తేలిక కాదని మొదటి రోజే తెలిసింది. ఆరంబాక్కం దగ్గర ఒడ్డు దిగి పది అడుగులు వేసిందో లేదో తొడ దాకా బురదలో కూరుకుపోయింది. ఒక కాలు తీస్తే ఇంకో కాలు దిగబడుతుంది. దగ్గర్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు చేతులతో రొయ్యలు తడిమి పడుతున్నారు. నడుం దాకా నీళ్ళలో కూర్చుని, తాటాకు బుట్టను పళ్ళతో పట్టుకుని, రెండు చేతులూ బురదలో పెట్టి వెతుకుతారు వాళ్ళు. అందులో ఒకామె బుట్ట నోట్లోంచి తీసి అడిగిందట.

"ఏం పారేసుకున్నావమ్మా?"

"పురుగులు పట్టేదానికి వచ్చినా అక్కా."

"పురుగులా?" అని ఆమె మిగతా వాళ్ళ వైపు చూసింది. తర్వాత ఇద్దరు వచ్చి చంకల కింద చేతులు వేసి వదినను పైకి లాగారు. లాగినామె అక్కడే నడక నేర్పింది. మడమ ముందు పెట్టకూడదు, వేళ్ళు ముందు ఆనించి జారుతున్నట్టు పోవాలి, ఒకచోట నిలబడకూడదు. ఆ రోజు నుంచి వదిన సరస్సుకు ఎప్పుడు వెళ్ళినా ఆమెతోనే నీళ్ళలోకి దిగేది. అమ్మగారి వైపునుంచీ నాన్నగారి వైపునుంచీ చేపలు పట్టిన కుటుంబం ఆమెది. మాట్లాడేది తెలుగే. బడికి పోలేదు. వదిన ఆమెను అక్కా అనేది. ఆ పల్లెలో అందరూ వదినకు పురుగులమ్మ అని పేరు పెట్టారు.

వదిన ఎక్కువగా అమావాస్యకు వెళ్ళేది. ఆ రోజు తిరువళ్ళూరు గుడికి చుట్టుపక్కల నుంచి జనం విరగబడి వస్తారు. వచ్చే బస్సుల్లో కాలు పెట్టడానికి చోటుండదు. పోయే బస్సు ఖాళీగా ఉండేది. ఊరంతా ఇటు వస్తుంటే ఈమె రెండు ప్లాస్టిక్ డబ్బాలు, ఒక జల్లెడ, తువ్వాలు సంచిలో పెట్టుకుని అటు పోయేది. పొన్నేరి దాకా బస్సు, అక్కణ్ణించి ఆరంబాక్కానికి రైలు. సాయంత్రం వచ్చేసరికి చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా ఎండిన బురదతో అట్టలు కట్టి ఉండేవి. మా అత్తగారు వాకిట్లోనే ఆపి నాలుగు బిందెల నీళ్ళు కాళ్ళ మీద పోసి గానీ లోపలికి రానిచ్చేది కాదు. ఆ నీళ్ళు పోస్తూ, "పొదటూరుపేటలో వ్యవసాయం వద్దని మద్రాసుకు పంపిస్తే ఈయమ్మ మళ్ళా బురదలోనే దిగింది" అని గొణిగేది. కానీ చీర ఎండబెట్టాక ఆ కుచ్చిళ్ళను చేత్తో నలిపి మట్టి దులిపేది కూడా ఆమే.

నేను రావడానికి రెండేళ్ళ ముందు వదిన జీవితంలో ఒక పెద్ద సంగతి జరిగింది. తొలివానలు పడ్డాక ఒక పొద్దున నీళ్ళ పైన ఈదుతున్న పురుగు ఒకటి ఆమె వలలో పడింది. పెద్ద పెద్ద కళ్ళు. వెనకభాగంలో కాళ్ళు వెడల్పుగా తెడ్లలాగా ఉన్నాయి. అలాంటిది ఆ సరస్సులో ఉన్నట్టు ఎవరూ రాయలేదు. ఏడాదిన్నర పాటు పుస్తకాలన్నీ వెతికింది, విదేశాల్లో తెలిసినవాళ్ళకు ఉత్తరాలు రాసింది. చివరకు అది కొత్త జాతి అని తేల్చి పత్రికలో ప్రకటించింది. కొత్త జాతికి పేరు పెట్టే హక్కు కనుక్కున్నవాళ్ళదే. వదిన తనకు నడక నేర్పిన అక్క పేరు పెట్టింది. ఆ పేరుకు లాటిన్ తోక ఒకటి తగిలించి అచ్చు వేయించింది.

అచ్చయిన కాగితాలు పట్టుకెళ్ళి చూపిస్తే ఆ అక్క తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమందట. చూపించాక ఆ చోటును ముట్టుకుని, ప్లాస్టిక్ కవర్లో చుట్టి దేవుడి పటాల వెనక పెట్టుకుంది. పల్లెలో ఎవరింటికి చుట్టాలొచ్చినా ఆ కవరు చూపించేది. మిగతా ఆడవాళ్ళు, "మా పేరు ఎప్పుడు పెడతావు పురుగులమ్మా" అని వదినను పీడించేవాళ్ళు. ఆ పురుగు వల్లే వదిన పేరు బయట కూడా నలుగురికి తెలిసింది. ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు వచ్చేవి. స్టాంపులన్నీ మా ఆయన కత్తిరించి దాచుకునేవాడు.

నా కాపురానికి ఏడాది నిండుతుండగా వదినకు వేరే ఊళ్ళో పది రోజుల సమావేశం వచ్చింది. అప్పటికి అలమరలో సీసాలు పన్నెండయ్యాయి. బయల్దేరే ముందు నాకు ఒక నోటుబుక్కు ఇచ్చింది.

"రోజూ పొద్దున ఒక్కొక్క సీసా చూసి రాయి. ఆకుకూర పొడి రవ్వంత ఎయ్యి. అంతే. నీకు తోచింది రాయొద్దు, కండ్లకు కనిపించింది రాయి."

"ఇంగ్లీషు నాకు రాదు గదా వదినా."

"తెలుగులో రాయి. నాకు చదవను రాదా ఏంది?"

మొదటి మూడు రోజులు రాయడానికేమీ లేదు. 'సీసా ఒకటి, తల కనిపించింది. సీసా రెండు, కనిపించలేదు' అని రాసుకుంటూ పోయాను. నాలుగో రోజు ఆరో సీసాలో పురుగు బురదలోంచి పూర్తిగా బయటికి వచ్చి అద్దం వెంబడి పాకుతోంది. వేసిన పొడి ముట్టలేదు. ఐదో రోజూ తినలేదు. ఆరో రోజు దాని రంగు మారింది. ముందుభాగం పచ్చగానూ, వెనకభాగం ఎర్రగానూ, రెండు వేర్వేరు పురుగులను మధ్యలో అతికించినట్టు ఉంది. కళ్ళు పెద్దవయ్యాయి. అంతకుముందు అవి కనిపించాలంటే వదిన భూతద్దం ఇచ్చేది. ఇప్పుడు ఊరికే చూస్తేనే నాలుగు నల్లటి చుక్కలు.

నా వల్లే ఏదో అయిందని భయం పట్టుకుంది. మా ఆయనకు చూపించాను.

"జబ్బు చేసినట్టుండాది" అన్నాడు. "దాన్ని పారేసి మూడో సీసాలో ఉండేది ఒకటి తీసి ఏసెయ్. అక్కకేం తెలుస్తాది."

"మీ అక్కకు తెలీకుండా ఉంటాదా?"

ఆలోచించి, "తెలుస్తాదిలే" అని ఒప్పుకుని ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

తొమ్మిదో రోజు పొద్దున అది ఈదుతోంది. సీసా నిండా గిరగిరా, ఆగకుండా. నా నోటుబుక్కులో ఆ రోజు పేజీన్నర రాశాను. ఎప్పటినుంచి ఈదుతోంది, ఎటు వైపు తిరుగుతోంది, వెనక కాళ్ళు ఎలా కొట్టుకుంటున్నాయి, అన్నీ.

మర్నాడు పొద్దున వదిన వచ్చింది. చెప్పులు విప్పి, భుజాన సంచి దించకుండానే వంటింట్లోకి వచ్చి అలమర ముందు నిలబడింది. ఆరో సీసా దగ్గర ఆగిపోయింది.

"సీసా మార్చినావా మే?"

"లేదు వదినా."

"వేరే పురుగేమన్నా ఏసినావా? కోప్పడను, చెప్పు."

"నేనేం ఎయ్యలేదు. మూత కూడా నువ్వు చెప్పినట్టే సగం పెట్టినా."

నోటుబుక్కు అందించాను. నేల మీద చతికిలబడి మొదటి పేజీ నుంచి చదివింది. చదివినంతసేపూ నేను పొయ్యి దగ్గర నిలబడే ఉన్నాను. తర్వాత ఆ పురుగును గిన్నెలోకి తీసుకుని ముందు గదిలో మైక్రోస్కోపు దగ్గరకు వెళ్ళింది. ఇడ్లీలు చల్లారిపోయాయి. అత్తగారు రెండుసార్లు పిలిచింది. చివరకు నేనే పళ్ళెం పట్టుకుని వెళ్ళాను.

"ఇది నాది మే" అంది కన్ను తీయకుండా.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. తాను కొత్త జాతి అని ప్రకటించినదీ, ఎప్పట్నుంచో అందరికీ తెలిసిన ఈ బురద పురుగూ వేర్వేరు కావు. గుడ్లు పెట్టే కాలం వచ్చినప్పుడు బురద పురుగే తిండి మానేసి, కళ్ళు పెంచుకుని, కాళ్ళను తెడ్లుగా మార్చుకుని పైకి ఈదుకుంటూ వస్తుంది. గుడ్లు వదిలి చచ్చిపోతుంది. ఇలా మారే పురుగులు కొన్ని ఉన్నాయని ఆమెకు తెలుసు. తన పురుగు వాటిలో ఒకటి కాదని అనుకుంది. అనుకోవడానికి తన కారణాలు తనకున్నాయి. అవి తప్పు.

అత్తగారు తలుపు దగ్గర నిలబడి వింటోంది. "ఇప్పుడేమంటావు, ఒక పురుగు రెండైందా, రెండు ఒకటైనాయా?" అని అడిగింది.

"రెండు ఒకటైనాయిమా."

"మంచిదే గదా. దానికి ఇడ్లీ తినకుండా కూచునేదెందుకు?"

వదిన నవ్వి పళ్ళెం అందుకుంది. సగం తిని పక్కన పెట్టేసింది.

ఆ తర్వాత మూడు నెలల పాటు మా వంటింట్లో సీసాలు ఇరవై నాలుగు. పప్పు డబ్బాలు నా మంచం కిందికి వెళ్ళాయి. ఒక్క పురుగును చూసి తేల్చకూడదని వదిన పట్టు. రోజూ ఇద్దరం కలిసి చూసేవాళ్ళం, నేను తెలుగులో, ఆమె ఇంగ్లీషులో రాసేవాళ్ళం. ఇంకో ఐదు పురుగులు అలాగే మారాయి. ఐదోది మారిన రోజు వదిన కలం మూసి, "శరి" అంది. అంతే.

ఆఫీసులో ఆమె పైఅధికారికి చెబితే ఆయన తలుపు వేసి కూర్చోబెట్టాడట. పెద్దాయన, వదినంటే ఇష్టమున్న మనిషే. ఆయన మాటలు వదిన ఆ రాత్రి భోజనాల దగ్గర మాకు చెప్పింది.

"ఇప్పుడే ఎందుకమ్మా? ప్రమోషను లిస్టు తయారవుతాంది. నీ పురుగును ఎవరూ ప్రశ్నించలేదే. ఎవరో ఒకరు కనుక్కున్నప్పుడు చూద్దాం, ఊరుకో."

"నువ్వేమన్నావు?" అని మా ఆయన అడిగాడు.

"ఆ ఎవరో ఒకరు నేనే గదా సార్ అన్నా."

వ్యాసం రాసి పంపింది. ఫలానా పేరుతో తాను ప్రకటించిన జాతి వేరే జాతి కాదనీ, ఆ పేరును ఉపసంహరించుకుంటున్నాననీ రాసింది. ఆఖర్న కృతజ్ఞతలు చెప్పే చోట, సీసాలు గమనించి రాసిపెట్టిన మా తమ్ముడి భార్యకు అని నా పేరు వేసింది. పెళ్ళి పత్రిక తర్వాత నా పేరు అచ్చులో చూసుకోవడం అదే. ఆ ఏడాది ప్రమోషను ఇంకొకరికి వచ్చింది. దానికి ఇదే కారణమని వదిన ఎప్పుడూ అనలేదు, కాబట్టి నేనూ అనను. ఆఫీసులో ఒకరిద్దరు ఆమె కనిపిస్తే, "ఈరోజు ఏ పేరు తీసేస్తున్నారు మేడం" అని అడిగేవాళ్ళని మాత్రం తెలుసు. ఇంటికొచ్చి చెప్పి తనే నవ్వేది. అలా నవ్విన రోజుల్లో అన్నం తక్కువ తినేది.

ఇవన్నీ తట్టుకుంది గానీ ఆరంబాక్కం వెళ్ళడానికి మాత్రం ఆమెకు కాళ్ళు రాలేదు. రెండు అమావాస్యలు ఏదో సాకుతో మానేసింది. మూడో అమావాస్య ముందు రోజు నా దగ్గరకు వచ్చి కూర్చుంది.

"నువ్వూ రా మే. నాకొక్కదానికే పొయ్యేదానికి మొగం చెల్లలే."

నేను సరస్సు చూడటం అదే మొదటిసారి. నీళ్ళూ ఆకాశమూ ఒకే రంగులో ఉన్నాయి. దూరంగా తెల్లటి పక్షులు నిలబడి ఉన్నాయి. ఆ అక్క అప్పుడే నీళ్ళలోంచి వచ్చి ఒడ్డున బుట్ట గుమ్మరిస్తోంది. సన్నటి మనిషి. తడి చీర ఒంటికి అంటుకుని ఉంది. వదినను చూడగానే, "ఏం పురుగులమ్మా, మమ్మల్ని మరిచిపోతివే" అంది.

వదిన చెప్పులు విప్పి ఆమె పక్కన బురదలోనే కూర్చుంది.

"నీ పేరు తీసేసినాను అక్కా."

ఆమె చేతులు రొయ్యల మీదే ఆగిపోయాయి. "యాడ తీసేసినావు?"

"పురుగుకు పెట్టిన పేరు. అది కొత్త పురుగు కాదు. నాదే తప్పు."

"ఎవురన్నా చెయ్యమన్నారా?"

"లేదక్కా. నేనే తీసేసినా. నీళ్ళ పైన ఈదేదీ బురదలో ఉండేదీ ఒకటే. గుడ్లు పెట్టే కాలానికి అది అట్లా మారతాది."

ఆమె వదిన ముఖంలోకి చూసింది. కోపమో ఆశ్చర్యమో నాకు తెలియలేదు.

"అది నాకు తెల్దా? నేను ఆపొద్దే చెప్తిని గదా. పైన ఆడేది కిందిదే, వానొస్తే పైకొస్తాది, గుడ్డేసి పోతాదని. నువ్వు తలకాయ ఊపుతా బుక్కులో రాసుకుంటివే."

వదిన చేత్తో బురద తీసి వేళ్ళ మధ్య నలుపుతూ ఉంది. ఆ అక్కే మళ్ళీ అడిగింది, ఈసారి గొంతు తగ్గించి.

"మా వాళ్ళకు ఏం చెప్పేది? ఇంటికొచ్చినోళ్ళందరికీ చూపిస్తిని."

"పేరు పూర్తిగా పోదక్కా. అసలు పేరు కింద చిన్న అచ్చరాలతో నీ పేరు ఎప్పుడూ ఉంటాది. ఇదీ అదే అని అందరికీ తెలిసేదానికి. దాన్ని ఎవురూ చెరపలేరు, నేను కూడా."

"చిన్నచ్చరాలా?"

"అవునక్కా."

ఆమె రొయ్యల్లోంచి పీతపిల్ల ఒకటి ఏరి నీళ్ళలోకి విసిరింది. "పరవాలే. నాకు పెద్దవైనా చిన్నవైనా చదవను రాదు గదా" అని, అప్పుడు నవ్వింది. వదినకు నవ్వు రాలేదు. ఆమె తడి చేత్తో వదిన వీపు మీద ఒక్కటి వేసి, "లెయ్, అన్నం తిందువు రా. ఈ పాప ఎవురు, కొత్తగా ఉండాది?" అంది. నన్ను పాప అన్నదామె. ఆ మధ్యాహ్నం వాళ్ళ ఇంట్లో తిన్న రొయ్యల వేపుడు లాంటిది నేను ఇప్పటికీ చేయలేను. ప్లాస్టిక్ కవరు దేవుడి పటాల వెనక అలాగే ఉంది. తీసెయ్యమని ఎవరూ అనలేదు.

ఇంటికి వచ్చాక వదిన కాళ్ళు కూడా కడుక్కోకుండా ట్రంకు పెట్టె తెరిచింది. తొలి ఏళ్ళ నోటుబుక్కులు తీసి ఒక్కొక్కటే తిరగేసింది. అరగంట తర్వాత నన్ను పిలిచి ఒక పేజీ చూపించింది. తెలుగులో, పెన్సిలుతో, తన చేతిరాతే: 'పైన ఈదేది కిందిదే అంటోంది. వాన తర్వాత గుడ్లు.' దాని పక్కన ఇంగ్లీషులో ఒక మాట. అదేమిటని అడిగాను.

"నమ్మకం లేదు అని" చెప్పింది. "రాసుకున్నాను మే. వినలే."

ఆ రోజు తర్వాత వదిన పనిచేసే తీరు మారింది. ఆ పల్లె ఆడవాళ్ళు చెప్పే మాటలకు వేరే నోటుబుక్కు పెట్టింది. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు రాసి, ఒక్కొక్కటీ సీసాల్లో పెట్టి చూసేది. కొన్ని నిజమయ్యాయి, కొన్ని కాలేదు. సరస్సులో ఏ నెలలో ఏ పురుగు గుడ్లు పెడుతుందో అన్న వ్యాసానికి రెండో రచయితగా ఆ అక్క పేరు వేయమని రెండు పత్రికలతో పోట్లాడింది. రెండూ ఒప్పుకోలేదు. కృతజ్ఞతల్లో మొదటి పేరుగా వేసి ఊరుకోవలసి వచ్చింది. అది ఆమెకు ఇప్పటికీ కొరతే.

నన్ను కూడా ఊరికే వదల్లేదు. ఒక ఆదివారం నా నోటుబుక్కు తిప్పుతూ, "ఇంత నీటుగా రాసేదానివి పదోక్లాసుతో ఎందుకు నిలిచిపోయినావు?" అని అడిగింది. మా పుట్టింటి ఊరు ఆర్.కె.పేటలో ఆ రోజుల్లో ఎందుకని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఆ తర్వాతి నెలలోనే నన్ను ప్రైవేటుగా పరీక్షకు కట్టించింది. పాప పుట్టాక చదువు మానేస్తానంటే, తన సెలవులన్నీ దానికే వాడి నా పరీక్షల రోజుల్లో బిడ్డను చూసుకుంది. బిడ్డ ఏడుస్తే సీసాల ముందు కూర్చోబెట్టేది. అలా నేను తెలుగు టీచరునయ్యాను. ఇరవై ఆరేళ్ళు మా ఆర్.కె.పేట వైపు బళ్ళల్లోనే పాఠాలు చెప్పాను. ఇళ్ళల్లో తెలుగు మాట్లాడుతూ తమిళం తప్ప చదవలేని పిల్లలు నాకు ఏటేటా ఎక్కువయ్యారు. వాళ్ళకు అక్షరాలు దిద్దించేటప్పుడు పురుగు అన్న మాటతో మొదలుపెట్టేదాన్ని. పిల్లలకు ఆ మాట ఎందుకో వెంటనే వచ్చేసేది.

వదినను ఆఖరికి పడవ కూడా ఎక్కించారు. ఆమెకు నలభై తొమ్మిదేళ్ళప్పుడు, పదకొండు మంది జట్టుకు నాయకురాలిగా. ఊళ్ళో వాళ్ళందరికీ చెప్పుకున్నాం. అత్తగారు దిష్టి తీసింది. ఆరు రోజుల తర్వాత వదిన ఇంటికి వచ్చి మంచం మీద అడ్డంగా పడిపోయింది.

"ఎట్లుండె వదినా?" అని అడిగాను.

"కక్కుకుంటానే ఉంటిని మే, మూడు దినాలు. దీనికోసరమా ఇన్నేండ్లు కొట్లాడింది."

"ఇంక పోవా అయితే?"

"ఎందుకు పోను? వచ్చే నెలలో ఉండాది" అని అటు తిరిగి పడుకుంది. రిటైరయ్యే లోపల ఇరవై సార్లకు తక్కువ లేకుండా వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ కక్కుకుంది. ఆమె తర్వాత ఆ విభాగంలో చేరిన అమ్మాయిలను మొదటి ఏడాదే పడవెక్కించింది.

ఆరంబాక్కం అక్క పోయి చాలా కాలమైంది. అప్పుడు వదిన వెళ్ళి మూడు రోజులు ఉండి వచ్చింది. ఏం జరిగిందో, ఏం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు.

మా ఆయన రిటైరయ్యాక తిరుత్తణిలో చిన్న ఇల్లు కట్టుకుని ముగ్గురం ఇక్కడికి వచ్చేశాం. ఆడికృత్తిక పండక్కి వీధిలో మొక్కుల కావళ్ళు పోతుంటే వదిన కుర్చీ వేసుకుని వాకిట్లో కూర్చుంటుంది. డెబ్బై తొమ్మిదేళ్ళు. రెండు కళ్ళకూ ఆపరేషన్లయ్యాయి. మోకాళ్ళు సరిగా లేవు. సరస్సులో బతికే చిన్న జీవుల గురించి ఆ పల్లెల పిల్లలు చదువుకోవడానికి ఒక పుస్తకం చెబుతోంది. నేను తెలుగులో రాస్తున్నాను, మా అమ్మాయి తమిళంలో ఫోన్లో టైపు కొడుతోంది. పిల్లలకు కష్టమని నేను ఒక వాక్యం తీసేస్తే వదిన కనిపెట్టేస్తుంది. "పిల్లోళ్ళకు కష్టం కాదు మే, నీకు రాసేదానికి కష్టం" అంటుంది. రెండు రోజులు మాటలుండవు. మూడో రోజు ఆ వాక్యం మళ్ళీ పుస్తకంలో ఉంటుంది.

పోయిన నెల సరస్సు చూడాలంది. ఇంత దూరం కూర్చుని ప్రయాణం వద్దని డాక్టరు అన్నాడు. ఆయన మాట విన్నట్టు తల ఊపి, బయటికి వచ్చాక కారు ఎప్పుడు మాట్లాడతావని తమ్ముణ్ణి అడిగింది. తెల్లవారుతుండగా బయల్దేరాం. ఒడ్డు మారిపోయింది. అటువైపు సిమెంటు రోడ్డు వచ్చింది. మేము ఎరిగిన ముఖాలు రెండో మూడో. నీళ్ళలోకి దిగుతానంటే నేనూ మా ఆయనా కలిసి వద్దన్నాం. చివరకు ఒక ఇంటివాళ్ళు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నీళ్ళ అంచున వేశారు. వదిన చీర కొంచెం ఎత్తి పట్టుకుని, పాదాలు రెండూ బురదలోకి దించి కూర్చుంది. బడికి పోని పిల్లలు ఐదారుగురు చుట్టూ చేరారు. వాళ్ళతో తమిళంలో కొంత, తెలుగులో కొంత మాట్లాడుతూ, గుప్పెడు బురద తీయించి అరచేతిలో విప్పి చూపించింది. గంటన్నర సేపు లేవలేదు.

తిరుగు ప్రయాణంలో పెరియపాళయం దాటకముందే నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఇంటి ముందు కారు ఆగాక మా ఆయన చెయ్యి పట్టుకుని దించాడు. నేను వాకిట్లో పీట వేసి కూర్చోబెట్టి, వేణ్ణీళ్ళతో ఆమె కాళ్ళు కడిగాను. గోళ్ళ సందుల్లో నలుపు రెండు రోజుల దాకా పోలేదు.